ఆటోమేటిక్ గేటుకు ముందుగా రెండు గొట్టాలు

వాకిట్లో కాంక్రీటు పోశాక ఆటోమేటిక్ గేటు పెట్టిస్తే, అవతలి స్తంభానికి తీగలు లాగడానికి ఆ కాంక్రీటునే మళ్లీ పగలగొట్టాలి. విజయనగరంలో మా వీధిలో చాలా ఇళ్ల ముందు ఆ అతుకు కనబడుతుంది. గేటు కొనడం వచ్చే ఏడాది మాటైనా సరే, గొట్టాలు మాత్రం ముందే వేయించండి.

ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా అడుగున్నర లోతు కాలువ తవ్వించి, అడుగున రెండంగుళాల మందాన ఇసుక పరవాలి. దానిపై రెండు పీవీసీ గొట్టాలు: మోటారు కరెంటుకు ఒకటిన్నర అంగుళాలది, సెన్సరు తీగలకు అంగుళానిది. రెండు రకాల తీగలనూ ఒకే గొట్టంలో దూర్చవద్దు. మలుపుల్లో ఎల్బో (ఒక్కసారిగా మూలగా తిరిగే చిన్న ముక్క) కాకుండా పొడవైన బెండు (మెల్లగా వంగే గొట్టం) వాడాలి; మేస్త్రీ ఎల్బో చాలంటాడు, వినకండి, తీగ అక్కడే ఇరుక్కుంటుంది. ప్రతి గొట్టంలో నైలాన్ తాడు వేసి, రెండు కొసలా మూరెడు వదిలి, మూతలు బిగించండి. తర్వాత ఆ తాడుకు తీగ కట్టి లాగితే సరి.

వీధి కన్నా వాకిలి పల్లంగా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. తుపాను వానలకు గొట్టాలు నిండి, నీరు నిలిచిపోతుంది. అలాంటిచోట గేటు పైన ఆర్చి మీదుగా తీగ తీసుకెళ్లడమే మేలు.

అన్నట్టు, కరెంటు లేనప్పుడు గేటును చేత్తో తెరిచేందుకు మోటారును విడిపించే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. 2018లో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు.