వరద నెలల్లో పురుడు: తల్లి మనసు కోసం ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

గోదారి లంకల్లో జూలై నుంచి సెప్టెంబరు లోపు నెలలు నిండే అమ్మాయి ఉంటే ఆ ఇంట్లో హడావుడి ముందే మొదలవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంతదాకా ఆగితే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి, ఇక పడవే దిక్కు. 2022 జూలై వరద చూసినవాళ్లెవరూ అలా ఆగరు. పిల్లని గట్టు మీది బంధువులింటికో, ఆసుపత్రి ఉన్న ఊరికో ముందే చేరుస్తారు. రక్తం, బీపీ, షుగరు, స్కానింగు రిపోర్టులు, బట్టల సంచి, కారు మాట్లాడుకోవడం, అన్నీ అయిపోతాయి. కాన్పయ్యాక ఆ తల్లికి మనసు బాగోకపోతే ఎవరికి చూపించాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది మాత్రం ఎవరూ అనుకోరు. ఏడో నెలలోనే అది కూడా తేల్చుకోవాలని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు కాదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2017లో వేసిన లెక్క ప్రకారం, కాన్పయిన తల్లుల్లో నూటికి 22 మందికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. అంటే కాన్పుల వార్డులో పది మంచాలుంటే రెండు. గర్భంతో ఉన్నప్పుడే మొదలయ్యేవాళ్లూ చాలామందే. "నెలలు నిండుతున్నాయి కదా, భయం సహజమే" అని మనమే కొట్టిపారేస్తుంటాం.

ముందుగా డాక్టరుని కలవాల్సినవాళ్లు

ఇంతకుముందు డిప్రెషన్‌కి గాని, బైపోలార్‌కి (అతి ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) గాని, మరే మానసిక జబ్బుకి గాని మందులు వాడినవాళ్లు, మొదటి కాన్పు తర్వాత మనసు చెదిరినవాళ్లు, తల్లికో అక్కకో బాలింతగా ఉన్నప్పుడు అలా జరిగినవాళ్లు గర్భం నిలిచిన తొలి నెలల్లోనే సైకియాట్రిస్టుని కలవాలి. గర్భం పోయినవాళ్లు, కడుపులో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లు, "ఈసారైనా మగపిల్లాడే పుట్టాలి" అనే మాట రోజూ వింటున్నవాళ్లు కూడా ఆ వరుసలోకే వస్తారు. దెబ్బల విషయానికి 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది.

పెళ్లప్పుడు జబ్బు సంగతి చెప్పకుండా దాచిన ఇళ్లు మన వైపు తక్కువేం కాదు. ఆ అమ్మాయి అత్తారింట్లో మాత్రలు దొంగచాటుగా మింగుతుంది, లేదంటే మానేస్తుంది. ఆమెకి చెప్పేది ఒక్కటే. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చమ్మా, కాన్పు చేసే డాక్టరుగారికి మాత్రం చెప్పి తీరాలి. "మేడమ్, మీతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అంటే చాలు. మానసిక వైద్యం విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. ఆ రోజు బీపీతో పాటు ఈ సంగతీ నోరు విప్పి చెప్పండి.

మందులు: సొంతంగా ఆపొద్దు, సొంతంగా మొదలెట్టొద్దు

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇది. టెస్టులో గర్భం అని తెలిసిన రోజే మాత్రలన్నీ పక్కన పెట్టేస్తారు. బిడ్డ మీద ప్రేమతోనే. కానీ హఠాత్తుగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది, తిరగబెట్టిన జబ్బు తల్లినీ బిడ్డనీ ఇద్దరినీ దెబ్బ తీస్తుంది. తినదు, నిద్రపోదు, చెకప్‌లకి వెళ్లదు. గర్భంలో వాడదగ్గ మందులున్నాయి, బిడ్డకి పాలిస్తూ వాడదగ్గవీ ఉన్నాయి. డిప్రెషన్‌కి రాసే సెర్ట్రలీన్ తల్లిపాలలోకి వెళ్లేది చాలా తక్కువ. మందు వాడుతున్నంత మాత్రాన పాలు మాన్పించేయక్కర్లేదు. ఏది, ఎంత మోతాదు అన్నది డాక్టరు తేలుస్తారు.

ఒక మందు పేరు మాత్రం గుర్తు పెట్టుకోండి: వాల్‌ప్రోయేట్. ఫిట్స్‌కీ, బైపోలార్‌కీ రాస్తుంటారు. గర్భంలో ఇది వాడితే నూటికి పదిమంది బిడ్డల్లో పుట్టుక లోపాలు రావచ్చు, ఇంకా ఎక్కువమందిలో ఎదుగుదల, చదువు దెబ్బతింటాయి. కాబట్టి పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరుతో చెప్పి మందు మార్పించుకోవాలి. తెలియకుండా గర్భం వచ్చేస్తే, మందు ఆపకుండానే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఫిట్స్ ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

బైపోలార్‌కి రాసే లిథియం వాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. గర్భంలో నెలలు పెరిగేకొద్దీ రక్తంలో దాని స్థాయి మారుతుంది, పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ స్థాయి ప్రమాదకరంగా పెరుగుతుంది. మన ఇళ్లలో బాలింతకి పథ్యం పేరుతో మంచినీళ్లు కట్టడి చేస్తారు కదా, లిథియం మీద ఉన్న తల్లికి అది విషంతో సమానం. అసలు ఏ బాలింతకీ నీళ్లు తగ్గించకూడదు, పాలు పడాలన్నా నీళ్లే కావాలి. కాయం తినిపించండి, వెల్లుల్లి కారం పెట్టండి, కాదనను. చెంబు మాత్రం మంచం పక్కనే ఉంచండి.

నిద్రని కనిపెట్టి ఉండే మనిషి ఒకరు

ఏడో నెల దాటేలోపు ఇంట్లో ఒకరికి ఈ బాధ్యత అప్పగించాలి. అమ్మో, పిన్నో, వదినో, ఎవరైనా సరే. బిడ్డని చూడ్డానికి పదిమంది ఉంటారు, తల్లిని చూడ్డానికి ఒకరు కావాలి. ఆవిడ చూడాల్సింది ముఖ్యంగా నిద్ర.

బిడ్డ ఏడ్చి లేపితే నిద్ర చెడటం వేరు. పాలు తాగి బిడ్డ మూడు గంటలు హాయిగా పడుకున్నా తల్లికి కన్ను మూతపడకపోవడం వేరు. ఒక ఇంట్లో దగ్గరుండి చూశాను. కాన్పయి నాలుగో రోజు. పెద్దాపరేషన్ కుట్లు ఇంకా లాగుతున్నాయి, అయినా ఆ అమ్మాయి గంటకి పదిసార్లు లేచి ఉయ్యాలలోకి వంగి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తోంది. "పడుకో అమ్మడూ, నే చూస్తాగా" అని అమ్మమ్మ అంటే "మీరు నిద్రపోతారు, నాకు తెలుసు" అంది. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. చుట్టాలంతా "ఎంత జాగ్రత్తో ఈ పిల్లకి" అని మురిసిపోయారు. అలాంటి రాత్రి వరుసగా రెండోది వస్తే మురిసిపోకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి.

నిద్ర కాపాడటానికి రాత్రిని పంచుకోండి. పాలు పట్టగానే బిడ్డని మరొకరు తీసుకుని, త్రేన్పు రప్పించి, గుడ్డలు మార్చి, తల్లికి వరుసగా నాలుగైదు గంటలైనా నిద్ర దొరికేలా చూడాలి. అవసరమైతే పాలు పిండి ఉంచుకోవచ్చు. బైపోలార్ ఉన్న తల్లికి ఇది మందంత ముఖ్యం. బాలసారకి వచ్చిపోయే జనాన్ని కూడా తగ్గించండి. వేడుక నెల తర్వాత చేసుకున్నా తప్పేం లేదు.

ఏది మామూలు, ఏది కాదు

కాన్పయిన రెండు మూడు రోజులకి ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే కళ్లు నిండటం చాలామంది తల్లులకి ఉంటుంది. రెండు వారాల్లోపు దానంతటదే తగ్గిపోతుంది. పక్కన మనిషి, అన్నం, నిద్ర ఉంటే చాలు.

రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డని ఎత్తుకోవాలనిపించకపోతే, "నేను తల్లిగా పనికిరాను" అనే మాట పదేపదే వస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. ఏడాది లోపు ఎప్పుడైనా రావచ్చు. రక్తం తక్కువైనా, కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వచ్చినా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి కాబట్టి ఆ రెండు పరీక్షలూ చేయించండి. కొన్ని ఆసుపత్రుల్లో పది ప్రశ్నల పట్టిక ఒకటి ఇస్తారు. 1987లో బ్రిటన్‌లో తయారైంది, ఎడిన్‌బరో స్కేల్ అంటారు, గడిచిన ఏడు రోజుల్లో మనసెలా ఉందో అడుగుతుంది. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అని. మొత్తం మార్కులు ఎన్నొచ్చినా, ఆ ప్రశ్నకి అవునని వస్తే అదే రోజు డాక్టరు చూడాలి.

ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లు కూడా అడగొచ్చు. "చచ్చిపోవాలనిపిస్తోందామ్మా?" అని నేరుగా, నెమ్మదిగా. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. వరి, చెరువుల ఇళ్లలో పురుగుమందు డబ్బాలు చూరు కిందో, పశువుల పాకలోనో ఉంటాయి. బాలింత ఇంటికి రాకముందే వాటిని ఇంటి నుంచి తీసేయండి. మాత్రలు మరొకరి దగ్గర తాళంలో ఉండాలి.

కొందరు తల్లులకి బిడ్డ చేతిలోంచి జారిపోతున్నట్టు, తామే ఏదో చేసేస్తారేమో అన్నట్టు వద్దన్నా ఊహలు వస్తాయి. వాళ్లు ఆ ఊహకి హడలిపోతారు, కత్తిపీట దగ్గరికి కూడా వెళ్లరు. ఇది ఆందోళన జబ్బు, చికిత్స ఉంది. ఆ మాట ధైర్యం చేసి చెప్పిన తల్లిని రాక్షసిలా చూడకండి. మళ్లీ చెప్పదు.

దీనికి పూర్తిగా వేరైనది ఇంకోటి ఉంది, పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటారు, అంటే కాన్పయ్యాక మతి తప్పడం. వెయ్యి కాన్పులకి ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. నిద్ర లేకపోయినా అలుపు ఉండదు, మాట ఆగదు, లేదా ఒక్కసారిగా మూగబోతుంది. ఎవరో పిలుస్తున్నారంటుంది. "ఈ బిడ్డ నా బిడ్డ కాదు, ఆసుపత్రిలో మార్చేశారు" అంటుంది, అది నిజమని గట్టిగా నమ్ముతుంది. పొద్దున్న బాగానే ఉండి మధ్యాహ్నానికి మారిపోతుంది, అందుకే ఇంట్లోవాళ్లు రేపటిదాకా చూద్దామంటారు. చూడొద్దు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గర పోగొట్టుకునే ఆ రెండు రోజులే ప్రాణాంతకం. మొక్కు మొక్కుకోండి, 108కి ఫోన్ చేశాక. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకండి, అలాగని ఆమెతో వాదించకండి, కట్టేయకండి. జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఫిట్స్ ఉంటే తప్పకుండా చెప్పండి, ఇన్ఫెక్షన్ వల్లా బీపీ వల్లా కూడా మతి తప్పుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

రోజులో ఏ వేళైనా 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. అది టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, పైసా ఖర్చుండదు. వరదలో దారి లేనప్పుడు మొదటి ఆసరా ఇదే. మనిషిని చూపించాలంటే కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. అమలాపురం కిమ్స్, రాజానగరం జీఎస్ఎల్, ఏలూరు ఆశ్రం మెడికల్ కాలేజీల్లోనూ చూస్తారు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రి అయితే కాన్పు డాక్టరు, పిల్లల డాక్టరు, సైకియాట్రిస్టు ఒకే ఆవరణలో దొరుకుతారు. పాత జబ్బు ఉన్నవాళ్లు కాన్పు కూడా అలాంటి చోటే పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

తల్లిని చేర్చుకుంటే బిడ్డని లాగేస్తారన్న భయంతో చాలామంది వెనకాడతారు. మూడేళ్లలోపు బిడ్డని చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే ప్రత్యేక వార్డు 2009 నుంచి ఉంది. మన జిల్లాల్లోనూ అలాంటివి రావాలి.

ఆశా కార్యకర్త కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. బిడ్డ బరువు మాత్రం తూచి వెళ్లిపోనివ్వకండి. తల్లి ఎలా నిద్రపోతోందో ఆమెకి చెప్పండి. వరద వల్ల ఆమె రాలేకపోతే ఫోన్‌లోనైనా చెప్పండి.

మొగుడు కువైట్‌లో ఉంటే

కోనసీమలో ఇది ఎన్నో ఇళ్ల సంగతి. వీడియో కాల్‌లో బిడ్డని చూపించమంటారు, రెండు నిమిషాలు మురిసి పెట్టేస్తారు. అన్నయ్యా, కెమెరా ఒక్కసారి ఆమె వైపు తిప్పమను. "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు? ఏం తిన్నావు?" అని అడుగు. ఎవరూ వినని చోట మాట్లాడే వీలు ఆమెకి ఉందో లేదో కనుక్కో. డాక్టరు నంబరు, మందుల చీటీ ఫోటో నీ ఫోన్‌లోనూ ఉండాలి, ఇక్కడ కరెంటు పోయి ఫోన్లన్నీ ఆగిపోతే నువ్వే అక్కణ్నుంచి 14416 నంబరుని ఇంకో బంధువుకి పంపగలవు. నీకూ దిగులుగా ఉంటే దాచుకోకు, కొత్త తండ్రులకీ డిప్రెషన్ వస్తుంది.

వరద సంచిలో

కనీసం నెలకి సరిపడా మాత్రలు నీరు చొరని కవర్లో, వాటితో డాక్టరు చీటీ, లిథియం లాంటివి వాడితే చివరి రక్తపరీక్ష కాగితం, పవర్ బ్యాంకు. ఒక కాగితం మీద జబ్బు పేరు, మందులు, ఇదివరకు తిరగబెట్టినప్పుడు మొదట కనిపించిన లక్షణాలు, డాక్టరు నంబరు రాసి తల్లి చేత సంతకం పెట్టించండి. పునరావాస కేంద్రానికి వెళ్లాల్సి వస్తే తల్లీబిడ్డలకి గోడ వైపు, చీర అడ్డం కట్టి పడుకునే చోటు ఇవ్వమని అక్కడి సిబ్బందిని అడగండి. వందమంది మధ్య లైట్ల వెలుగులో ఏ బాలింతకీ నిద్ర పట్టదు.

జబ్బు వచ్చి తగ్గినవాళ్లు డిశ్చార్జి కాగితాలు పారేయకండి. రెండో కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ గర్భం అనుకున్నప్పుడే ఆ కాగితాలతో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి. వీలైతే నెలలు నిండేది వరదలు లేని రోజుల్లో పడేలా చూసుకోండి.