పట్టేసిన బ్రేక్ కాలిపర్ ఇంట్లోనే విప్పుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఇంట్లోనే కాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కుకు నొక్కి చక్రాన్ని ఆపే భాగం) బాగుచేసుకుని, షెడ్డులోంచి కారు వెనక్కి తీస్తూ గోడకు గుద్దేసిన సంగతి ఈమధ్య మళ్లీ ఒకటి విన్నాను. రిపేరులో తప్పేమీ లేదట. పిస్టన్ చక్కగా కదులుతోంది, బోల్టులన్నీ బిగించారు. బండి తీసేముందు పెడల్ మాత్రం ఒక్కసారి కూడా తొక్కి చూడలేదు. పనంతా తెలిసినవాళ్లే ఇక్కడ దెబ్బతింటారు. అందుకే మొదటే చెప్తున్నా: పెడల్ గట్టిపడేదాకా బండి కదపొద్దు.

ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ను లోపలికి నొక్కేస్తాం కదా, దాంతో ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య ఖాళీ వస్తుంది. ఒక్కసారి తొక్కితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్‌ను చక్రాలకు నెట్టే పంపు) పంపే ఫ్లూయిడ్ ఆ ఖాళీ పూడ్చడానికి చాలదు. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. ఆటోమేటిక్ అయితే గేరు వేయగానే దానంతటదే కదులుతుంది, ఇంకా ప్రమాదం. కాబట్టి ఇంజిన్ ఆపే ఉంచి, సగం సగం నెమ్మదిగా తొక్కుతూ పోండి. పాత బండిలో అడుగుదాకా తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో తుప్పు పేరుకున్న చోట సీలు గీసుకుని చెడే అవకాశం ఉంది. గట్టిపడ్డాక ఇంజిన్ వేసి మళ్లీ తొక్కండి. బూస్టర్ (ఇంజిన్ నడుస్తుంటే మీ కాలి బలాన్ని పెంచే భాగం) అందుకోగానే పెడల్ కాస్త దిగడం మామూలే. అలా దిగుతూనే ఉంటే లీకు వెతకండి. స్పాంజిలా మెత్తగా ఉంటే లైనులో గాలి ఉంది.

అసలు పట్టేసిందో లేదో ఎలా తెలుస్తుంది? బ్రేక్ పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపి, కుడి ఎడమ చక్రాల వేడి పోల్చండి. అరచేయి కాస్త దూరంగా పెట్టినా సెగ తెలుస్తుంది, డిస్కును ముట్టుకోవద్దు. కాలిన వాసన, బండి ఒక పక్కకు లాగడం కూడా గుర్తులే. అప్పుడు 'ఇంకో వారం లాగిద్దాం' అనుకోకండి. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ మరిగే ఉష్ణోగ్రత కొత్తలో కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ పీల్చుకున్నదానికి ప్రమాణం 155 మాత్రమే. పట్టేసిన బ్రేకుకు అదేమంత వేడి కాదు. ఫ్లూయిడ్ మరిగి ఆవిరైతే పెడల్ మళ్లీ నేలకే.

అందరూ ముందు కాలిపర్‌నే అనుమానిస్తారు. కొత్తది కొనేముందు ఒక పరీక్ష చేయండి. చల్లారాక, మిగతా చక్రాలకు అడ్డం పెట్టి, బండిని స్టాండు మీద నిలపండి. ఒకరు బ్రేక్ తొక్కి వదలాలి. చక్రం బిగిసే ఉంటే కాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే చిన్న స్క్రూ, బ్లీడర్ నిపుల్, కొద్దిగా వదులు చేయండి (కళ్లద్దాలు పెట్టుకుని). ఫ్లూయిడ్ చిమ్మి చక్రం తిరిగిందంటే ఒత్తిడి వెనక్కి పోలేక ఆగిపోయింది: తప్పు లోపల మూసుకుపోయిన హోస్‌ది కావచ్చు, మాస్టర్ సిలిండర్‌ది కావచ్చు. అప్పటికీ తిరగకపోతే పిస్టన్ గానీ స్లైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు) గానీ పట్టేశాయి. వెనక చక్రమైతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా చూడండి. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ సమానంగా అరగలేదా, ముందు పిన్నులు లాగి చూడండి. చాలాసార్లు పని అక్కడితోనే తీరిపోతుంది. నిపుల్ విప్పారంటే గాలి తీయడం కూడా మీ పనే. ఆ తర్వాత మళ్లీ పెడల్.

పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, దాని చుట్టూ ఉండే రబ్బరు సీలు. పెట్రోలియం తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది, ఉబ్బితే మళ్లీ పట్టేస్తుంది. అందుకే ఇంజిన్ ఆయిలు, మామూలు గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే దాని దగ్గరికి రానివ్వొద్దు. పిన్నులకు సిలికాన్ బ్రేక్ గ్రీజు, సీలుకు శుభ్రమైన బ్రేక్ ఫ్లూయిడ్.

ఇక మిగతావి. కాలిపర్‌ను హోస్‌కు వేలాడదీయొద్దు, తీగతో కట్టండి. పిస్టన్ నొక్కేటప్పుడు రిజర్వాయర్ మీద ఒక కన్నేయండి, ఫ్లూయిడ్ పొంగితే పెయింటు లేచిపోతుంది. కంప్రెసర్ గాలితో పిస్టన్ బయటికి తీస్తూ వేళ్లు అడ్డం పెట్టొద్దు, నుజ్జవుతాయి. హ్యాండ్‌బ్రేక్ కలిసి ఉన్న వెనక పిస్టన్‌ను చాలా బళ్లలో తిప్పుతూ లోపలికి పంపాలి, క్లాంపు పెట్టి నొక్కితే లోపలి మర విరుగుతుంది. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో (మోటారు పిస్టన్‌ను వదిలేసే సెట్టింగు) పెట్టండి. తుప్పు గుంటలు పడ్డ పిస్టన్‌ను రుద్దొద్దు, మార్చండి. గ్రీజు అంటిన ప్యాడ్ పారేయండి. హోస్ బోల్టుకు రాగి వాషర్లు కొత్తవే వేయండి. బిగించాక నిపుల్ పైవైపు ఉందో లేదో చూడండి. కిందికి ఉంటే కుడిదాన్ని ఎడమకు బిగించినట్టే, ఎంత తీసినా గాలి పోదు. దుమ్ము ఊదొద్దు. బ్రేక్ క్లీనర్ దగ్గర నిప్పు వద్దు. పెడల్ తొక్కారా? ఇంజిన్ వేసి కూడా తొక్కారా? గట్టిపడకపోతే తాళంచెవి జేబులోనే ఉండనివ్వండి. గట్టిపడితే ఖాళీ చోట, నడక వేగంతో మొదలుపెట్టండి. కాస్త తిరిగొచ్చాక చక్రాల వేడి మళ్లీ పోల్చండి. అదే చక్రం ఇంకా కాలుతుంటే బండిని నడిపించుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లొద్దు, టో చేయించండి.