పాత కంప్యూటర్‌లో విండోస్ 11: వెర్షన్ మార్చుకునే ముందు, మార్చుకున్న తరువాత

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో, తిరుపతిలో మా డీటీపీ దుకాణంలో ఉన్న ఆరో తరం ఇంటెల్ కంప్యూటర్‌లోనే, అర్హత తనిఖీని దాటించి విండోస్ 11 వేసుకున్నాం. ఇటువంటి యంత్రాలకు నెలవారీ భద్రతా అప్‌డేట్లు మామూలుగా వస్తూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వాటికి హామీ మాత్రం ఇవ్వదు. ఏటా వచ్చే కొత్త వెర్షన్ దానంతట అది రాదు, మనమే ఎక్కించుకోవాలి. విండోస్ 11 యొక్క 2023 నాటి వెర్షన్ అయిన 23హెచ్2లో హోమ్, ప్రో ఎడిషన్లకు 2025 నవంబరు 11తోనే గడువు తీరింది కాబట్టి, దాని మీదే ఉన్నవారు ఆలస్యం చేయకూడదు.

ముందుగా ప్రాసెసర్ సంగతి చూడాలి. 2024 నాటి వెర్షన్ అయిన 24హెచ్2 నుంచి, ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఆదేశం ఉండడం తప్పనిసరి అయింది. అది లేని కోర్ 2 డ్యువో యంత్రాలను ఏ చిట్కాతోనూ దారికి తేలేము.

ఫైళ్లన్నీ వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకొని, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవాలి. విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికి కావలసినవన్నీ ఉండే ఐఎస్ఓ ఫైలును మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ప్రస్తుత విండోస్ బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ఉండగా అమెరికన్ ఇంగ్లిష్ ఐఎస్ఓ వాడితే, ప్రోగ్రాములను ఉంచుకునే అవకాశం కనిపించదు. ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ అనే ప్రోగ్రాము 4.6 లేదా తరువాతి వెర్షన్‌తో, టీపీఎం (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి భద్రతా తనిఖీ) నిబంధనలను తొలగించే ఐచ్ఛికాన్ని ఎంచుకొని పెన్‌డ్రైవ్ తయారుచేసి, దానితో బూట్ చేయకుండా (అంటే కంప్యూటర్‌ను దాని నుంచి మొదలుపెట్టకుండా), నడుస్తున్న విండోస్‌లోనే అందులోని సెటప్‌ను తెరవాలి. బూట్ చేస్తే మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసుకోవలసిందే.

బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముహూర్తాల సీజనులో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. రాత్రి దుకాణం కట్టేశాక, యూపీఎస్ నుంచి లేజర్ ప్రింటర్ ప్లగ్ తీసేసి మొదలుపెట్టాలి. ప్రింటర్ లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోదు.

పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే వీలు 10 రోజులే ఉంటుంది. కనుక ఆ లోపే అను ఫాంట్లతో చేసిన ఒక పెళ్లిపత్రిక ఫైలును తెరిచి, అచ్చు తీసి, వేలిముద్ర పరికరాన్ని కూడా ఒకసారి వాడి చూడాలి. అంతవరకు, స్థలం తినేస్తోందని పాత వెర్షన్ ఫైళ్లుండే విండోస్.ఓల్డ్ ఫోల్డరును తుడిచేయకూడదు.