పొరలు ఊడిన సూపర్నోవాను మన డాబా మీది నుంచి కొలవడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల మనవాళ్లకి ఒక అదృష్టం ఉంది, ఊరి దీపాలు దాటితే ఆకాశం ఇంకా నల్లగానే ఉంటుంది. దాన్ని వాడుకుందాం.

కొన్ని భారీ నక్షత్రాలు సూపర్నోవాగా పేలకముందే పై పొర పోగొట్టుకుంటాయి, చాలాసార్లు పక్కనున్న జంట నక్షత్రమే లాగేసుకుంటుంది. పేలాక వాటి రకాల పేర్లివి: కాస్త హైడ్రోజన్ మిగిలితే టూ-బి, అదీ పోయి హీలియం కనిపిస్తే వన్-బి, హీలియం కూడా కనిపించకపోతే వన్-సి.

ముందు కొత్తగా కనబడ్డ సూపర్నోవాలను నమోదు చేసే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ అనే వెబ్‌సైటులో మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 15 లోపు ఉన్నదాన్ని ఎంచుకోండి. 2011లో ఎం51 గెలాక్సీలో పేలిన 2011డిహెచ్ లాంటిదైతే ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, ఒక కెమెరా చాలు.

ఇక అసలు పని. మబ్బు లేని ప్రతి రాత్రీ అదే ఫిల్టర్‌తో ఫొటో తీసి, అదే ఫ్రేములో ప్రకాశం తెలిసిన నక్షత్రాలతో పోల్చి, తేదీతో సహా రాసుకుని, రోజుల వారీగా వెలుగు గ్రాఫు గీయండి. పేలాక రెండు మూడు వారాల్లో వెలుగు శిఖరానికి చేరుతుంది, ఎక్కేటప్పటి రాత్రులు పోతే మళ్లీ దొరకవు, అందుకే నిద్ర మానుకోవాల్సింది అప్పుడే! ఆ చోట ఏమీ కనబడని ఆఖరి రాత్రి ఎవరు తీసినా ఆ తేదీ కూడా రాసుకోండి, పేలిన రోజు దాన్నిబట్టే తేలుతుంది.

ఆ శిఖరం వెలుగు చాలావరకు పేలుడులో పుట్టిన రేడియోధార్మిక నికెల్-56 ది. 6 రోజుల్లో అది సగమై కోబాల్ట్ అవుతుంది, కోబాల్ట్ 77 రోజులకి సగమై ఇనుమవుతుంది. కాబట్టి శిఖరం ఎంత ఎత్తుంటే నికెల్ అంత ఎక్కువ, కానీ గెలాక్సీ దూరం, మధ్యలో ధూళి సరిచూడకుండా ఈ లెక్క నమ్మకండి.

పదార్థం ఎగిరిపోయే వేగం తెలియాలంటే వర్ణపటం, అంటే రంగులుగా విడదీసిన వెలుగు, కావాలి. మన దగ్గర ఉండదు, లద్దాఖ్‌లో హాన్లేలోని రెండు మీటర్ల టెలిస్కోపు లాంటివి తీసినవి వెతకండి. గెలాక్సీ సొంత వేగం తీసేశాక, 5876 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యం కొలత) దగ్గర ఉండాల్సిన హీలియం గీత 5680 దగ్గర పల్లంలా కనిపిస్తే, తేడా 196ని 5876తో భాగించి కాంతి వేగంతో హెచ్చవేయండి, సెకనుకి సుమారు 10,000 కిలోమీటర్లు!

ఎగిరిపోయిన పదార్థం బరువు గ్రాఫులో శిఖరం వెడల్పు (ఎన్ని రోజులన్నది) వర్గాన్నీ వేగాన్నీ బట్టి పెరుగుతుంది. అంటే అదే వేగంతో వెడల్పు ఒకటిన్నర రెట్లుంటే బరువు రెండుంబావు రెట్లు. ఆ బరువుని వేగం వర్గంతో గుణిస్తే పేలుడు శక్తి పోలికకి వస్తుంది.

తర్వాత తోక, అంటే శిఖరం దాటాక గ్రాఫు మెల్లగా దిగే భాగం. కోబాల్ట్ విడిచే గామా కిరణాలన్నీ లోపలే ఆగి వెలుగుగా మారితే 100 రోజులకి ఒక మాగ్నిట్యూడ్ మేర వెలుగు తగ్గాలి, ఈ పొరలు ఊడిన సూపర్నోవాలు అంతకన్నా త్వరగా పడిపోతాయి, ఎందుకంటే పొర పల్చనై ఆ కిరణాలు బయటికి జారిపోతాయి. చైత్రంలో మొదలుపెడితే ఈ తోక ఆషాఢం మబ్బుల్లో పోతుంది. అందుకే మార్గశిరంలో, అర్ధరాత్రి తూర్పున లేచే గెలాక్సీలోని సూపర్నోవాను పట్టుకోండి.