మార్చి వచ్చేస్తోంది, హెడ్జ్ కట్ చేసే ముందు ఒక్కసారి చూడండి

ఇంగ్లండ్‌లో ఇల్లు తీసుకుని కొత్తగా గార్డెన్ చూసుకుంటున్నవాళ్ల కోసం ఇది. ఎండ కాస్త మొహం చూపించగానే ట్రిమ్మర్ బయటికి తీయాలనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే పిట్టలు హెడ్జ్‌లో గూళ్లు పెట్టడం మొదలెడతాయి, ఆగస్టు దాకా అదే సీజన్.

1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ యాక్ట్ ప్రకారం, పిట్టలు ఉంటున్న గూడునే కాదు, ఇంకా కట్టుకుంటున్న గూడుని కావాలని పాడుచేసినా నేరమే. ఇళ్ల గార్డెన్‌లకి ఫలానా తేదీ నుంచి కట్ చేయకూడదని లేదు గానీ ఈ గూడు రూల్ మాత్రం మన పెరటి హెడ్జ్‌కీ ఉంది, గార్డెనర్‌ని పెట్టి చేయించినా సరే. ఐర్లండ్‌లో ఐతే ఇంకా గట్టిగా ఉంటారు, కొన్ని మినహాయింపులు తప్ప మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు హెడ్జ్ జోలికే వెళ్లకూడదు.

నన్నడిగితే జనవరి, ఫిబ్రవరిలో కానిచ్చేయడం బెస్ట్, అప్పటికి హెడ్జ్‌కి కాసిన పళ్లు కూడా పిట్టలు తినేసి ఉంటాయి.

దారికి అడ్డంగా పెరిగిపోయి సీజన్ మధ్యలో తప్పకపోతే, ముందు దూరంగా కూర్చుని కనీసం ఒక అరగంట ఊరికే చూడండి. పిట్ట ముక్కున గడ్డిపరకో నాచో పట్టుకుని లోపలికి దూరుతోందంటే గూడు కడుతోంది, పురుగులు పట్టుకుని అదే చోటికి మళ్లీ మళ్లీ వస్తోందంటే లోపల పిల్లలున్నాయి. పొదిగేటప్పుడు మాత్రం తల్లి కదలకుండా కూర్చుంటుంది, కాబట్టి ఏమీ కనపడలేదని గూడు లేదనుకోవద్దు, డౌట్ ఉంటే ఆపేయండి. అలాగని కొమ్మలు పక్కకి లాగి లోపల వెతకడం అస్సలొద్దు, ఆకులు విడిపోతే పిల్లులకీ, గూళ్లలో గుడ్లూ పిల్లల్నీ తినేసే మ్యాగ్‌పై పక్షులకీ మనమే దారి చూపించినట్టు.

బ్లాక్‌బర్డ్ ఐతే పొదగడానికి దాదాపు 2 వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో 2 వారాలు, ఐతే అదే జంట ఆ సీజన్‌లోనే 2, 3 సార్లు గుడ్లు పెడుతుంది, అందుకని ఒక నెల ఆగాం కదా అని చూడకుండా మిషన్ ఆన్ చేయకండి.

కట్ చేస్తుండగా గూడు బయటపడితే వెంటనే ఆపి, కోసిన కొమ్మల్ని నీడకోసం దాని ముందు వదులుగా ఆనించి అక్కణ్ణుంచి వచ్చేయండి, తల్లి తిరిగి వస్తుందేమో దూరం నుంచే చూడండి. ఈకలొచ్చిన పిల్ల కింద గెంతుతూ కనిపిస్తే ఇంట్లోకి తీసుకురావద్దు, దానికి తల్లీతండ్రీ అక్కడికే తిండి తెచ్చి పెడతాయి, మీ పిల్లిని మాత్రం కొన్నాళ్లు లోపలే ఉంచండి.