తాగే నీళ్ళలో ఆర్సెనిక్ ఉంటే చర్మం మీద ఏం తేడా వస్తుంది, ఎలా చెక్ చేస్కోవాలి, తర్వాత ఏం చేయాలి?

ఆర్సెనిక్ అనే విషం కలిసిన నీళ్ళకి రంగుండదు, వాసనుండదు, రుచి కూడా ఏం మారదు, అందుకే తెలీకుండానే ఏళ్ళ తరబడి తాగేస్తారు. చివరికి ఒంటి మీద మచ్చలు కనిపించినా జనం మొదట చేసే పని ఏదో ఒక ఆయింట్‌మెంట్ రాస్కోవడం. ఆ ట్యూబు అయిపోతుంది, ఇంకోటి కొంటారు, తాగే నీళ్ళు మాత్రం అవే. నన్నడిగితే ముందు నీళ్ళ సంగతి తేల్చుకోవాలి, ఆయింట్‌మెంట్ సంగతి తర్వాత.

స్టెప్ 1: అరచేతులు, అరికాళ్ళు తడిమి చూడండి

చూడ్డం కాదు, తడమడం అన్నాను. మొదట్లో ఇది కంటికి సరిగ్గా ఆనదు. బొటనవేలి కింద కండ ఉంటుంది కదా, దాని మీద, వేళ్ళ పక్కల, ఇంకో చేతి వేలి కొసతో మెల్లగా రాస్తూ పోండి, చర్మం కింద ఇసక రేణువులు ఇరుక్కున్నట్టు గరగరలాడుతూ తగిలితే అది కెరటోసిస్, అంటే చర్మం గట్టిపడే జబ్బు, మొదలు కావచ్చు. రెండు మిల్లీమీటర్లలోపు ఉన్నంతవరకు ఇలా చేతికి తగలడమే ఎక్కువ, ఐదు మిల్లీమీటర్లు దాటాక పులిపిర్లలాగా గట్టిగా పైకి లేస్తాయి, ముదిరితే పగుళ్ళు పడి నడవడానికీ పని చేసుకోడానికీ నొప్పి.

పనిముట్లు పట్టుకుని కాయలు కాసిన చేతులు, ఆనెకాయలు ఉన్న పాదాలు కూడా గట్టిగానే ఉంటాయి కదా అంటారేమో, నిజమే. కాకపోతే అవి ఒరుసుకునే చోటే వస్తాయి, ఆర్సెనిక్‌వి రెండు చేతుల్లో, రెండు పాదాల్లో, ఒరిపిడి లేని చోట కూడా వస్తాయి.

తర్వాత చొక్కా విప్పి ఛాతీ, వీపు, పొట్ట చూడండి. చర్మం అక్కడక్కడ నల్లబడి, ఆ నలుపు మధ్యలో చిన్న చిన్న తెల్ల చుక్కలు ఉంటాయి, డాక్టర్లు రెయిన్‌డ్రాప్ పిగ్మెంటేషన్ అనేది దీన్నే. ఎండ తగలని చోట కూడా ఇలా ఉందంటే అనుమానించాల్సిందే. శోభి, బొల్లి అనుకుని వదిలేసేవాళ్ళు బోలెడుమంది. ఇంకో మాట, ఇది అంటువ్యాధి కాదు, ముట్టుకుంటే రాదు, కంచం పక్కన పెట్టాల్సిన పనిలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చిందంటే ఒకే బోరు నీళ్ళు తాగడం వల్ల.

సాధారణంగా కనీసం ఐదేళ్ళు తాగాక గానీ ఈ మచ్చలు కనపడవు, కాబట్టి పిల్లల ఒళ్ళు శుభ్రంగా ఉంది గనక నీళ్ళు మంచివే అనుకోకండి. 1983లో కలకత్తాలో కె.సి. సాహా అనే స్కిన్ డాక్టర్ తన దగ్గరికొచ్చిన పేషెంట్ల చర్మం చూసే ఇది ట్యూబ్‌వెల్ నీళ్ళలోని ఆర్సెనిక్ అని పట్టుకున్నారు, అంటే పశ్చిమ బెంగాల్లో ఈ సమస్య బయటపడింది చర్మం వల్లే, అప్పటికే వాళ్ళు ఆ నీళ్ళు చాలా కాలంగా తాగుతున్నారు.

స్టెప్ 2: నీళ్ళు టెస్ట్ చేయించండి

లాబ్ వాళ్ళని అడిగితే బాటిల్ వాళ్ళే ఇస్తారు, అందులో కొంచెం యాసిడ్ వేసి ఉంటే కడిగి పారబోయకండి, శాంపిల్ పాడవకుండా ఉండడానికే అది. పంపు కాసేపు వదిలేసి, పైపులో నిలవున్న నీళ్ళు పోయాక పట్టండి. ఇంట్లో ఫిల్టర్ ఉంటే దానికి ముందు నీళ్ళొకటి, తర్వాత నీళ్ళొకటి, రెండు బాటిళ్ళు ఇవ్వండి.

రిపోర్ట్ వచ్చాక తికమక పడేది యూనిట్ల దగ్గరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. కొన్ని లాబ్‌లు దీన్నే 0.01 మిల్లీగ్రాము అని రాస్తాయి, కొన్ని 10 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 10 వంతులు) అంటాయి, మూడూ ఒకటే. మీ రిపోర్ట్‌లో 0.08 అని ఉంటే అబ్బ చాలా తక్కువే అనుకోకండి, పక్కన మిల్లీగ్రాములు అని ఉందా చూడండి, ఉంటే అది హద్దుకి ఎనిమిది రెట్లు.

పక్కింటి బోరు రిపోర్ట్ మనకి పనికిరాదు, కొన్ని అడుగుల దూరంలోనే, లోతు మారితే కూడా అంకె పూర్తిగా మారిపోతుంది. బంగ్లాదేశ్‌లో లక్షల ట్యూబ్‌వెల్స్‌ని ఒక్కొక్కటిగా టెస్ట్ చేసి పనికొచ్చేవాటికి పచ్చ రంగు, పనికిరానివాటికి ఎర్ర రంగు వేసింది ఇందుకే.

స్టెప్ 3: రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా తాగే నీళ్ళు మార్చండి

తాగడానికి, వంటకి రెండిటికీ మార్చాలి. వంట నీళ్ళు చాలామంది మర్చిపోతారు, కానీ గింజలూ పప్పులూ ఉడికేటప్పుడు ఆ నీళ్ళనే పీల్చుకుంటాయి కదా. స్నానం, బట్టలు ఉతుక్కోవడం, చేతులు కడుక్కోవడం పాత నీళ్ళతోనే కానివ్వండి, చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. మచ్చలు చర్మం మీదున్నా విషం వెళ్ళేది నోట్లోంచే.

మరిగిస్తే ఆర్సెనిక్ పోదు, పైగా నీళ్ళు ఆవిరై మిగిలినవాటిలో ఇంకాస్త చిక్కబడుతుంది. క్లోరిన్ వేసినా, బట్టలో వడకట్టినా, యూవీ లైట్ పెట్టినా, మామూలు కార్బన్ ఫిల్టర్ పెట్టినా దీనికి లాభం లేదు, అవి క్రిములకీ మురికికీ వాసనకీ పనికొచ్చేవి. ఆర్వో చాలావరకు తీసేస్తుంది గానీ ఆర్సెనిక్‌లో రెండు రకాలున్నాయి, ఆర్సెనేట్ బాగా ఆగుతుంది, ఆర్సెనైట్ అంతగా ఆగదు, కాబట్టి ఫిల్టర్ పెట్టేశాం అని నిశ్చింతగా ఉండకుండా ఫిల్టరైన నీళ్ళు మళ్ళీ టెస్ట్ చేయించండి. ఐరన్ ఆక్సైడ్ మీడియా, అంటే ఆర్సెనిక్‌ని పట్టి ఉంచే తుప్పులాంటి పదార్థం, వేసిన ఫిల్టర్లు కూడా పనిచేస్తాయి, లోపలి మీడియా టైముకి మార్చకపోతే కొన్నాళ్ళకి నిండిపోయి ఆర్సెనిక్‌ని వదిలేస్తాయి.

వాన నీళ్ళు శుభ్రంగా పట్టుకున్నా, చెరువు నీళ్ళు శుద్ధి చేసి సరఫరా చేసినా మంచిదే, కాకపోతే వాటిలో క్రిముల సంగతి వేరుగా చూస్కోవాలి.

స్టెప్ 4: స్కిన్ డాక్టర్ దగ్గరికి నీళ్ళ రిపోర్ట్ పట్టుకెళ్ళండి

రిపోర్ట్‌తో పాటు ఎన్నేళ్ళుగా ఆ నీళ్ళు తాగుతున్నారో కూడా చెప్పండి, ఈ ఒక్క ముక్క చెప్పకపోతే ఎంత మంచి డాక్టరైనా ఇంకేదో అనుకునే ఛాన్స్ ఉంది. గోళ్ళు, జుట్టు టెస్ట్‌లో గత కొన్ని నెలలది తెలుస్తుంది, యూరిన్‌లో గత కొద్ది రోజులది, రక్తంలోంచి మాత్రం గంటల్లోనే వెళ్ళిపోతుంది కాబట్టి పాత కేసులకి బ్లడ్ టెస్ట్ పెద్దగా ఉపయోగపడదు. యూరిన్ టెస్ట్‌కి ముందు మూడు నాలుగు రోజులు సముద్రపు చేపలు, రొయ్యలు మానేయండి, వాటిలో ఉండే హాని లేని రకం ఆర్సెనిక్ వల్ల అంకె పెరిగిపోయి అనవసరంగా కంగారు పడతారు.

గట్టిపడ్డ చర్మం మెత్తబడడానికి సాలిసిలిక్ యాసిడ్, యూరియా ఉన్న క్రీములు రాస్తారు. వాటితో నొప్పి, పగుళ్ళు తగ్గుతాయి, అంతే, లోపలి ఆర్సెనిక్‌ని అవి బయటికి లాగవు. ఒంట్లో విషం కడిగేస్తాం అని చెప్పే చీలేషన్ ట్రీట్‌మెంట్ ఇలా ఏళ్ళ తరబడి పేరుకున్న కేసుల్లో పనిచేస్తుందని రుజువు లేదు, ఆ ఖర్చు మంచి నీళ్ళ మీద పెట్టడం నయం. నీళ్ళు మార్చాక మచ్చలు కొందరికి మెల్లగా పలచబడతాయి, అరచేతుల్లో గట్టిపడ్డవి మాత్రం చాలామందికి పూర్తిగా పోవు. సిగరెట్ అలవాటుంటే మానేయండి, ఆర్సెనిక్‌తో కలిస్తే అది ఇంకా చెడ్డది.

స్టెప్ 5: నీళ్ళు మారిన తర్వాత కూడా చూస్తూ ఉండండి

మానని పుండు, ఉన్నట్టుండి పెరుగుతున్న కాయ, రక్తం కారడం, బట్టల కింద దాగే చోట ఎర్రగా పొలుసులు రాలే మచ్చ, వీటిలో ఏది కనపడినా బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్షకి) వెనకాడొద్దు, ఆర్సెనిక్ వల్ల వచ్చే స్కిన్ క్యాన్సర్ ఇలాగే మొదలవుతుంది, తొందరగా పట్టుకుంటే కోసి తీసేయొచ్చు. చిలీలోని ఆంటోఫగాస్టాలో 1958 నుంచి 1970 దాకా నీళ్ళలో ఆర్సెనిక్ చాలా ఎక్కువగా ఉండేది, 1970లో శుద్ధి ప్లాంట్ పెట్టి తగ్గించారు, అయినా ఊపిరితిత్తులు, మూత్రాశయం క్యాన్సర్ మరణాలు ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎక్కువగానే ఉన్నాయి. కాబట్టి ఏడాదికోసారైనా ఒళ్ళంతా చూపించుకోండి, యూరిన్‌లో రక్తం పడినా, దగ్గితే రక్తం వచ్చినా పాత నీళ్ళ సంగతి డాక్టర్‌కి గుర్తు చేయండి, ఆ నీళ్ళు మానేసి ఇరవై ఏళ్ళయినా సరే.