ఏఎస్/400 (ఐబీఎం కంప్యూటర్ సిస్టమ్)లో డేటా చేత్తో దిద్దే ముందు
నల్లగొండలో ఇంటి నుంచి పనిచేసే తమ్ముళ్లూ, యూపీడీడీటీఏ (ఫైల్‌లోని రికార్డులను నేరుగా మార్చే కమాండ్) కొట్టే ముందు ఇవి చూసుకోండి.

ముందు లైబ్రరీ (ఫైళ్లు ఉండే ఫోల్డర్ లాంటిది) పేరు. టెస్ట్ అనుకుని ప్రొడక్షన్ ఫైల్ తెరిచారో, ఎంటర్ నొక్కగానే రికార్డు మారిపోతుంది, అన్‌డూ ఉండదు. అందుకే ఫైల్ కాపీ చేసే కమాండ్ సీపీవైఎఫ్‌తో వేరే లైబ్రరీలో కాపీ పెట్టుకోండి, జర్నల్ (ప్రతి మార్పునూ నమోదు చేసేది) నడుస్తోందో లేదో చూడండి. కాపీ లేకుండా దిగి ఒకసారి రాత్రంతా పాత విలువలు వెతుక్కున్నాను, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

డేటాను చూడటానికే అయితే, ఫైల్‌ను చూపించే కమాండ్ డీఎస్‌పీపీఎఫ్‌ఎం చాలు.

ఫైల్‌కు ట్రిగ్గర్ (రికార్డు మారగానే దానంతటదే నడిచే ప్రోగ్రామ్) ఉందా? ఉంటే మీరు మార్చిన ఒక్క అంకెతో ఇంకో ఫైల్ కూడా మారొచ్చు.

గాలివాన వచ్చేలా ఉంటే, కరెంటు పోయి లైన్ తెగుతుంది, మొదలుపెట్టకండి.

చివర్లో, ఏమేం మార్చారో చూపిస్తూ వచ్చే ఆడిట్ లాగ్ స్పూల్ (ప్రింట్ కోసం ఉంచే) ఫైల్‌ను భద్రంగా దాచుకోండి.